మరిలాగ్ షార్క్స్‌కి కావలసిన మనిషి

మరిలాగ్ షార్క్స్ బాస్కెట్‌బాల్ జట్టు గత సీజన్‌లో ఆడిన ముప్పైమూడు ఆటల్లో ముప్పైఒకటి ఓడిపోయి, డ్రాఫ్ట్‌లో కొత్త ఆటగాణ్ణి అందరికంటే ముందు ఎంచుకునే హక్కును ఎవరి సాయమూ లేకుండా సంపాదించుకుంది. ఈ సంగతిని మనీలాలోని కంపెనీ ప్రధాన కార్యాలయం నోటీసు బోర్డు మీద 'శుభవార్త' అన్న శీర్షిక కింద అంటించారు. మిగిలిన రెండు ఆటలూ ఎలా గెలిచారని కొందరు అడగవచ్చు. ఒకదానికి అవతలి జట్టు బస్సు వరదనీళ్లలో ఆగిపోయింది. రెండోదాని మీద విచారణ జరుగుతోంది.

ఈ జట్టును నడిపేది సార్డీన్ చేపల్ని డబ్బాల్లో పెట్టి అమ్మే మరిలాగ్ కంపెనీ. సొరచేప పేరు పెట్టుకున్నా, కోర్టులో ఐదుగురూ ఒకేచోట ఇరుక్కుని నిలబడే తీరు చూసి అభిమానులు వాళ్లని సార్డీన్లు అనే పిలిచేవారు. కంపెనీ దీన్ని ఉచిత ప్రచారంగా స్వీకరించింది.

ఈ జట్టులో సెల్సో మకరాయెగ్ అనే ఉద్యోగి ఉన్నాడు. ఊరూరా తిరిగి ఆటలు చూసి, జట్టుకి ఏం లోటో, ఆ లోటు ఎవరివల్ల తీరుతుందో రాసివ్వడం ఆయన పని. ఇరవైఆరేళ్లుగా రాసిస్తూనే ఉన్నాడు. ఆ నివేదికలన్నీ ఛైర్మన్ గదిలో భద్రంగా ఉన్నాయి. ఏసీ నుంచి కారే నీళ్ల కోసం పెట్టిన బకెట్‌కి సరైన ఎత్తు కావలసి వచ్చినప్పుడు అవి ఎంతో ఉపకరించాయి. వచ్చే ఏడాది సెల్సో రిటైరవుతాడు. ఈలోగా తాను వెతికి తెచ్చిన మనిషి ఒక్కడైనా జట్టు చొక్కా తొడుక్కుని ఆడితే చూడాలన్నది ఆయన కోరిక. అంతకుమించి ఆశలు పెట్టుకునే వయసు దాటిపోయింది.

అందుకని ఆ ఏడు నాలుగు నెలలపాటు బస్సులూ పడవలూ ఎక్కి తొమ్మిది రాష్ట్రాలు తిరిగాడు. ఇలోయిలో అనే పట్నం దగ్గర ఒక ఊరి పండగ పోటీల్లో, గెలిచినవాళ్లకి ఒక పంది బహుమానంగా ఉన్న ఆటలో, జూనెల్ పగ్దిలావ్ కనిపించాడు. ఇరవైనాలుగేళ్లవాడు, ఐదడుగుల ఎనిమిదంగుళాలు, ట్రైసికిల్ బండి నడుపుకుని బతుకుతాడు. కాళ్లకి రెండు వేర్వేరు జతల బూట్లు. అతని చేతిలోకి బంతి వచ్చిందని చూసేవాళ్లు అనుకునేలోపే అది, ఎవరూ పట్టించుకోకుండా వదిలేసినవాడి చేతిలో ఉండేది. సెల్సో గట్టు మీద కూర్చుని లెక్కపెట్టాడు. ఒక్క ఆటలో ఇరవైమూడుసార్లు బంతి అందించాడు, రెండుసార్లు మాత్రమే తను బుట్టలో వేశాడు.

ఆట అయ్యాక దగ్గరికి పిలిచి, అన్నేసిసార్లు దారి దొరికినా నువ్వెందుకు వేసుకోలేదయ్యా అని అడిగాడు.

"వేసుకోవచ్చు సార్," అన్నాడు జూనెల్ చెమట తుడుచుకుంటూ. "అవతల మా బావ ఊరికే నిలబడి ఉన్నాడు. మనిషి అలా ఊరికే నిలబడితే చూడలేను."

ఇరవైఆరేళ్ల ఉద్యోగంలో సెల్సో విన్న మొదటి తెలివైన మాట అది. అక్కడికక్కడే మాటిచ్చేశాడు. డ్రాఫ్ట్ రోజున మొదటి పేరు నీదే, మీ అమ్మని వెంటబెట్టుకుని రా అన్నాడు. జూనెల్ తల్లి ఆయనకి కొబ్బరాకులో చుట్టిన అన్నం మూటగట్టి ఇచ్చింది.

సెల్సో నివేదిక నాలుగు వాక్యాల్లో ముగిసింది. 'మన జట్టులో బంతి వేసేవాళ్లు ఐదుగురున్నారు. ఇచ్చేవాడు ఒక్కడూ లేడు. ఇచ్చేవాడు కావాలి. అతని పేరు జూనెల్ పగ్దిలావ్.'

యాజమాన్యం కలవరపడింది. రంగు బొమ్మల్లేకుండా, కనీసం విషయసూచికైనా లేకుండా వచ్చిన నివేదికలో నిజం ఉండటానికి అవకాశం తక్కువ. వెంటనే 'జట్టు లోటుపాట్ల నిర్ధారణ సంఘం' ఏర్పాటైంది. సంఘంలో సెల్సోకి కూడా చోటిచ్చారు, తలుపు దగ్గర.

ఛైర్మన్ సెవెరీనో లక్సామానా ప్రారంభోపన్యాసం చేశారు. "మన జట్టుకి లోటు అనేది లేదు. ఒకవేళ ఉంటే అది తాత్కాలికం. తాత్కాలికం కాకపోతే అది మన సంప్రదాయం. సంప్రదాయాన్ని గౌరవిస్తూనే దాన్ని శాశ్వతంగా నిర్మూలించాలన్నదే నా ఆశయం." సభ్యులు చప్పట్లు కొట్టారు. సెల్సో కూడా కొట్టాడు. చేతులకి అలవాటు.

తర్వాత ఎవరి అవసరాలు వాళ్లు సభ ముందుంచారు. కోచ్ పెపిటోకి ప్రశ్నలు అడగని ఆటగాడు కావాలి. గత సీజన్‌లో ఒక కుర్రవాడు మన వ్యూహం ఏమిటని అడిగేసరికి ఆయనకి వారం రోజులు నిద్రపట్టలేదు. ప్రచార విభాగం చూసే షిర్లీకి డబ్బా మీద వేయదగ్గ ముఖం కావాలి. ఆవిడ చేయించిన సర్వేలో జట్టు మొత్తాన్ని గుర్తుపట్టినవారికంటే డబ్బా మీది చేపని గుర్తుపట్టినవారే ఎక్కువని తేలింది. ఫెంగ్‌షుయి పండితుడు మాస్టర్ ఓంగ్ కోర్టు నమూనాని దిక్సూచితో పరీక్షించి, ఈశాన్యం మూల నుంచి అదృష్టం కారిపోతోందనీ, అక్కడ పొడుగాటి మనిషిని కదలకుండా నిలబెట్టాలనీ సెలవిచ్చారు. స్టోరు గుమాస్తా లేచి, పొరపాటున అతిపెద్ద కొలతలో నలభై చొక్కాలు కుట్టించామనీ, వాటికి సరిపడా ఒళ్లు దొరికితే సంస్థకి మేలనీ విన్నవించాడు.

చివర్లో ఛైర్మన్ గారి భార్య లిగాయా మేడమ్ మాట్లాడారు. క్రిస్మస్‌కి కంపెనీల మధ్య జరిగే పాటల పోటీలో మరిలాగ్ పదకొండేళ్లుగా ఇనాంగ్ నూడుల్స్ కంపెనీ చేతిలో ఓడిపోతోంది.

"బాస్కెట్‌బాల్ ఓడితే పేపర్లో ఏ మూలో వేస్తారు," అన్నారావిడ. "పాట ఓడితే ఆ నూడుల్స్ ఆవిడ నా పక్కనే కూర్చుని నా ప్లేట్లో ఇంత కేకు వడ్డిస్తుంది. పదకొండు కేకులు తిన్నాను. ఇక నావల్ల కాదు."

జట్టు అసలు లోటు ఎక్కడుందో అందరికీ ఒక్కసారిగా అర్థమైంది.

అవసరాలన్నీ ఒక పట్టికగా వేసి దేశమంతా గాలించగా, బతంగాస్ చర్చి బృందంలో పాడే ఫెర్మిన్ దలాంగిన్ తేలాడు. ఆరడుగుల తొమ్మిదంగుళాలు. నలభై చొక్కాలూ అతని కోసమే కుట్టినట్టున్నాయి. ఎవర్నీ ఏమీ అడగడు. బంతి వస్తే కళ్లు మూసుకుంటాడు. దీన్ని పట్టికలో 'ఏకాగ్రత' అని రాశారు. ఆడటం వచ్చా అనే ప్రశ్న పదకొండో వరుసలో ఉండవలసింది గానీ పదో వరుసతో కాగితం అయిపోయింది.

సెల్సో తలుపు దగ్గర లేచి నిలబడ్డాడు. "సార్, ఆ జూనెల్‌కి నేను మాటిచ్చాను. వాళ్లమ్మ కూడా వస్తోంది."

"మాటిచ్చింది నువ్వు సెల్సో. జట్టు ఇవ్వలేదుగా," అన్నారు ఛైర్మన్ దయగా. "ఐదడుగుల ఎనిమిది! ఎత్తు నేర్పలేమయ్యా. తక్కినవన్నీ నేర్పచ్చు."

"ఇరవైఆరేళ్లయింది సార్. తక్కినవాటిలో ఒకటీ నేర్పలేదు మనం."

సెల్సో ఈ మాట మెల్లగానే అన్నాడు. సమావేశపు మినిట్స్‌లో 'శ్రీ మకరాయెగ్ హర్షం వెలిబుచ్చారు' అని నమోదైంది.

డ్రాఫ్ట్ ఎప్పటిలాగే ఒక మాల్‌లో, బూట్ల కొట్టుకీ ఐస్‌క్రీం కొట్టుకీ మధ్య వేదిక వేసి జరిపారు. మొదటి పేరు పిలిచారు. ఫెర్మిన్ వేదికెక్కి, మైకు చేతికిస్తే ఏం మాట్లాడాలో తోచక, అమ్మ మీద ఒక పాట అందుకున్నాడు. మాల్ మొత్తం ఆగిపోయింది. కిందికి దిగుతున్నవాళ్లు వెనక్కి తిరిగి, దిగే ఎస్కలేటర్ మీదే పైకి నడుస్తూ విన్నారు. బూట్ల కొట్టులో ఒకాయన ఒంటి కాలి బూటుతో వచ్చి నిలబడి ఏడ్చాడు. లిగాయా మేడమ్ ముఖంలో పదకొండు కేకుల చేదూ కరిగిపోవడం సెల్సో కళ్లారా చూశాడు.

జూనెల్ అరువు తెచ్చుకున్న చొక్కాతో, తల్లి పక్కన, మూడో వరుసలో కూర్చుని ఉన్నాడు. ఒక విడత అయింది, రెండోదీ మూడోదీ కూడా అయ్యాయి. నాలుగో విడతలో ఇనాంగ్ నూడుల్స్ వాళ్లు అతణ్ణి తమ జట్టుకి పిలిచారు. వాళ్ల ప్రతినిధిని అడిగితే జాబితాలో కొట్టివేయని పేరు అదొక్కటే మిగిలిందన్నాడు. సెల్సో వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు గానీ తల ఎత్తలేకపోయాడు.

"ఫర్వాలేదు సార్. ఎవరో ఒకరు పిలిచారుగా," అన్నాడు జూనెల్. తల్లి మాత్రం సెల్సోకి ఈసారి ఏమీ మూటగట్టి ఇవ్వలేదు.

సీజన్ మొదలైంది. మొదటి ఆట నూడుల్స్ మీదే. ఫెర్మిన్‌ని ఈశాన్యం మూల నిలబెట్టారు. బంతి ఒకసారి అతని భుజానికి తగిలి బుట్టలో పడింది. జట్టు నలభైఒక్క పాయింట్ల తేడాతో ఓడింది. జూనెల్ పంతొమ్మిదిసార్లు బంతి అందించాడు. అయితే విరామంలో నాట్యబృందం ట్రాఫిక్‌లో చిక్కుకుపోవడంతో ఫెర్మిన్ చేత పాడించారు. ఆ పాట సంగతి మర్నాడు మనీలా అంతా తెలిసింది. రెండో ఆటకి టికెట్లు దొరకలేదు. మూడో ఆటకి పెళ్లివారు వధూవరులతో సహా వచ్చారు. పాట అవగానే జనం లేచి వెళ్లిపోతున్నారని, పాటని ఆట చివరికి మార్చారు. షార్క్స్ వరసగా ఓడుతూ దేశంలోకెల్లా ఇష్టమైన జట్టుగా పేరు తెచ్చుకుంది.

లోటుపాట్ల సంఘం మళ్లీ సమావేశమై, జట్టులో మంద్రస్థాయి గొంతు లేదని గుర్తించింది. సెల్సోని పంపారు. ఆయన తనకి తెలిసిన పద్ధతిలోనే ఊరూరా తిరిగాడు; ఆట స్థలాలకి బదులు చర్చిల్లో వెనక బల్ల మీద కూర్చుని నివేదిక రాశాడు. దాన్ని ఛైర్మన్ సభలో పైకి చదివారు. అక్షరం పొల్లుపోకుండా అమలు జరిపారు. ఇరవైఆరేళ్లలో అలా జరగడం అదే మొదలు. ఆ సాయంత్రం సెల్సో కూనిరాగం తీస్తూ ఇంటికొస్తే, పళ్లు నొప్పా అని భార్య అడిగింది.

సీజన్ ఆఖరి ఆట మళ్లీ ఇనాంగ్ నూడుల్స్ మీద పడింది. అప్పటికి షార్క్స్ ఆటగాళ్లలో ఓ మార్పు వచ్చింది. తమని ఎవరూ చూడటం లేదని రూఢి అయ్యాక, తానే వేయాలన్న తాపత్రయం ఎవరికీ మిగల్లేదు. బంతి వస్తే పక్కవాడికి ఇచ్చేయసాగారు. దాంతో పొరపాటున బాగా ఆడారు. ఆట సమమైంది. అదనపు సమయం ఇచ్చారు. అందులో ఆఖరి క్షణాన బంతి నలుగురి చేతులు మారి కెప్టెన్ దగ్గరికి చేరింది. అతను వేశాడు. మళ్లీ సమం.

సెల్సో ఇరవైఆరేళ్లుగా ఎదురుచూసిన బుట్ట అది. హాలంతా గగ్గోలు పెట్టింది.

"ఎందుకు వేశావురా? పిల్లలకి పొద్దున్నే బడి," అని ఒకావిడ కుర్చీ ఎక్కి అరిచింది. "ఓడిపోండి, త్వరగా ఓడిపోండి," అని వెనక వరుసలు లయబద్ధంగా అందుకున్నాయి. కెప్టెన్ గుండెల మీద చెయ్యి వేసుకుని నాలుగు వైపులకీ తిరిగి క్షమాపణ చెప్పుకున్నాడు.

రెండో అదనపు సమయం మొదలయ్యే ముందు, బంతి తీసుకోవడానికి జూనెల్ సెల్సో కూర్చున్న బల్ల దగ్గరికి వచ్చాడు. డ్రాఫ్ట్ తర్వాత ఇద్దరూ ఎదురుపడటం అదే మొదలు. సెల్సో ఏదో చెప్పబోయాడు. ఏడాదిగా లోపల దాచుకున్న మాట అది.

జూనెల్ వంగి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "సార్, ఇవాళ ఏ పాటండీ?"

సెల్సో చెప్పాడు. జూనెల్ ముఖం వెలిగిపోయింది. "అయితే తొందరగా కానిచ్చేస్తాం సార్," అని వెళ్లాడు. కానీ కాలేదు. రెండు జట్లూ ఓడిపోవడానికి శక్తివంచన లేకుండా ప్రయత్నించడంతో మూడో అదనపు సమయం కూడా అవసరమైంది. అప్పుడు సెల్సో మకరాయెగ్ బల్ల మీంచి లేచి, రెండు చేతులూ నోటికి దొన్నెలా పెట్టుకుని, "ఎవరో ఒకరు ఓడిపోండిరా బాబూ," అని అరిచాడు. చుట్టుపక్కలవాళ్లు ఆయన భుజం తట్టారు.

ఆ ఆట ఎవరు గెలిచారో నమోదు చేద్దామని మర్నాటి పత్రికలన్నీ తిరగేశాం. ఫెర్మిన్ ఏ పాట పాడాడో, ఎన్నిసార్లు మళ్లీ పాడించారో, లిగాయా మేడమ్ ఏ రంగు గౌను వేసుకున్నారో, అన్నీ ఉన్నాయి. స్కోరు దొరకలేదు. తెలిసినవారు రాయవలసిందిగా పాఠకుల్ని కోరగా, నాలుగువందల పైచిలుకు ఉత్తరాలు వచ్చాయి. పాట మొత్తం అచ్చువేయమని అందరూ అడిగారు.