బఠాణీ గింజంత మందు

కోరుట్లలో వసంత వాకిట్లో కూర్చుని బీడీ ఆకు కత్తిరిస్తోంది. చేటకు ఆనించిన ఫోనులో, మస్కట్ నుంచి భర్త శ్రీశైలం.

"ఇంక పదిహేను దినాలల్ల ఇంటికాడుంట. మూడేండ్లాయె, జర ముఖం జూపెట్టవే."

వసంత కెమెరాను ఆకుల మీదికి తిప్పింది. బుగ్గల మీది మంగు మచ్చలు అతను వెళ్లాక వచ్చినవి.

ఆ మధ్యాహ్నమే జగిత్యాలలో చర్మం డాక్టరును కలిసింది.

"ఇది విటమిన్ ఏ మందమ్మా. మచ్చలు తగ్గుతయి, చర్మం నున్నగైతది. బఠాణీ గింజంతనే, వారానికి రెండు రాత్రులే. పగటీలి ఎండ తగలద్దు. కడుపుతోని ఉన్నవా?"

"ఆయన మస్కట్ల ఉన్నడు సార్."

"పిల్లల కోసం చూసేటట్టయితే ముందే బంద్ జెయ్యాలె."

"గుణం ఎన్నడొస్తది?"

"మూడు నెలలు."

మూడు నెలల పనిని పదిహేను రోజుల్లో ముగించాలనుకుంది వసంత. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి పూసింది. బఠాణీ గింజ నిమ్మకాయంత అయింది. పదో రోజుకు ముఖం ఎర్రగా కంది, పొట్టు లేచింది.

"అయ్యో బిడ్డా, అమ్మోరు పోసింది!" అత్త పోచవ్వ చెంపలేసుకుంది. గుమ్మానికి వేపమండలు కట్టింది. ఇంట్లో పోపు ఆగిపోయింది. ఇరుగుపొరుగు ఆ వైపు రావడం మానేశారు. మొగుడి కోసం మందు పూసుకున్నానని చెప్పడానికి సిగ్గుపడి, వసంత వేపాకుల మీదే పడుకుంది.

చెప్పిన రోజునే శ్రీశైలం వచ్చాడు, ముఖానికి తువ్వాలు చుట్టుకుని.

"ఆగు కొడుకా! నీ పెండ్లానికి అమ్మోరు పోసింది, గడప దాటకు."

"మూడేండ్ల సంది ఎదురుజూసి వస్తే గడప కాడ ఆపుతవా అవ్వా?"

తలుపు వెనక వసంతకు ఏడుపు తన్నుకొచ్చింది. "అమ్మోరు గాదు. నీకు మంచిగ కనవడాలెనని విటమిన్ ఏ మందు పూసుకున్న. మస్తు పూసుకున్న."

శ్రీశైలం మెల్లగా తువ్వాలు విప్పాడు. అతని ముఖమూ ఎర్రగా కంది, పొట్టు లేచి ఉంది.

"ఎండల నల్లగైన, నువ్వు గుర్తువడతవో లేదోనని… రూంల దోస్తు ఇచ్చిండు. గదే మందు."

వసంత తలుపు చాటు నుంచి బయటికొచ్చింది. నవ్వితే ఇద్దరికీ బుగ్గలు మండుతున్నాయి. అయినా నవ్వు ఆగలేదు, చూపులు తిప్పుకోనూ లేదు.

పోచవ్వ కొడుకును చూసింది, కోడలిని చూసింది. చెప్పులేసుకుని బయటికి నడిచింది.

పోతూ పోతూ గుమ్మానికి ఇంకో వేపమండ చెక్కింది.