మేస్త్రి బండికి వచ్చిన జబ్బు

ఇంటి తాళం అడిగితే ఇచ్చేవాడేమో గాని, బండి తాళం అడిగితే మాత్రం వడ్రంగి మేస్త్రికి ప్రాణం పోయినంత పనయ్యేది. ఇరవై రెండేళ్ల పాత పికప్పు అది. ఎడమ తలుపు లోపలి నుంచే తెరుచుకుంటుంది. కుడి అద్దం దించితే మళ్లీ ఎక్కించడానికి ఇద్దరు మనుషులు కావాలి. అయినా మేస్త్రి దాన్ని దొరసాని అంటాడు. ఆయన భార్య మాత్రం నా సవతి అంటుంది.

ఆమె తమ్ముడు దర్జీ. కొట్టు వేరే వీధికి మారుస్తున్నాడు. నాలుగు కుట్టుమిషన్లు, మంచమంత కత్తిరింపు బల్ల మొయ్యాలి. మేస్త్రిని మాటవరసకైనా ఎవరూ అడగలేదు. అన్నం వడ్డిస్తూ భార్యే చెప్పేసింది, "రేపు తమ్ముడు బండి తీసుకెళ్తాడండీ" అని, చీపురు ఎరువిచ్చినంత తేలిగ్గా.

మేస్త్రి ఎత్తిన ముద్ద మళ్లీ కంచంలో పెట్టేశాడు. కిందటేడు తీసుకెళ్లినప్పుడు బండికి గీత కూడా పడలేదు, నిజమే. కానీ ఆ అప్రాచ్యుడు సీటు ముందుకు జరిపాడు! పదకొండేళ్లు తంటాలు పడి తన నడుముకి కుదుర్చుకున్న సీటు! మళ్లీ సరైన చోట దొరకడానికి నెలన్నర పట్టింది. ఆ నెలన్నరా మేస్త్రి ఊళ్లో ప్రశ్నార్థకంలా నడిచాడు.

అందుకని తెల్లారగట్ల లేచి, ఖాళీ పాలప్యాకెట్టు నుంచి చదరంగా ఓ ముక్క కత్తిరించుకుని వెళ్లాడు. బ్యాటరీ మొనకి ఆ ప్లాస్టిక్కు చుట్టి, పైనుంచి వైరు యథాప్రకారం బిగించాడు. లాగి చూసినా ఊడదు. కరెంటు మాత్రం గడప దాటదు.

ఎనిమిదింటికి బావమరిది వచ్చి తాళం తిప్పాడు. టిక్కు లేదు, టక్కు లేదు. హారను నొక్కితే అదీ మూగనోము పట్టింది.

"అయ్యయ్యో! నిన్న సాయంత్రం గుర్రంలా పరిగెత్తిందిరా! నీ చెయ్యి పడగానే ఏమయింది?" అని మేస్త్రి గుండెలు బాదుకున్నాడు.

"తాళమేగా బావా తిప్పింది!"

"తిప్పడానికీ ఓ పద్ధతి ఉంటుంది. ఇది చొక్కా బొత్తాం కాదు."

"బ్యాటరీ వైరు వదులైందేమో..."

"వదులా? నేను బిగించిన వైరు వదులా? లాగి చూడు! నువ్వు వేలాడినా ఊడదు!"

దర్జీ లాగాడు. ఊడలేదు. మేస్త్రి మీసం తిప్పాడు.

అక్కడితో కథ కంచికి చేరేదే. ఇంతలో పక్కింటి పోస్టుమాస్టరు గోడ మీంచి తల పెట్టి, "గేరులో వేసి తొయ్యండయ్యా, రాక ఎక్కడికి పోతుంది?" అన్నాడు. వద్దనడానికి మేస్త్రికి సాకు దొరకలేదు. ఆయన లోపల కూర్చున్నాడు. దర్జీ, పోస్టుమాస్టరు వెనక నుంచి తోశారు. మేస్త్రి భార్య తాపీగా నడిచి వస్తోంది.

ఆ వీధి పల్లం. బండి ఊపందుకుని, ఎగిరెగిరి దూకి, ఎక్కడ ఆగాలో తనకే తెలిసినట్టు సరిగ్గా పాత ఇనుము కొట్టు ముందు ఆగింది.

కొట్టువాడు పెళ్లివారొచ్చినంత సంబరంగా ఎదురొచ్చాడు. "ఎన్నాళ్లకెన్నాళ్లకు మేస్త్రీ! తెస్తావని తెలుసు గాని, ఇలా తోసుకుంటూ తెస్తావనుకోలేదు."

"నోర్ముయ్! దీన్ని చూసి ఇనుమంటావా?"

"ఇనుమెక్కడుంది? సగం తుప్పేగా."

మేస్త్రి ముఖం జేవురించింది. భార్య నెమ్మదిగా అంది, "పోనివ్వండి. పొద్దున్నించీ కదలడం లేదంటున్నారుగా. పీనుగుని గుమ్మంలో ఎన్నాళ్లు పెట్టుకుంటాం? గొలుసు తెచ్చుకో నాయనా, లోపలికి లాక్కెళ్దువుగాని."

"ఏమే! ఇరవై రెండేళ్లు కాపురం చేసిన బండే!"

"కాపురం చేసింది నేనండీ. అది వాకిట్లో ఉంది."

కొట్టువాడు నిజంగానే గొలుసు తెచ్చాడు. మేస్త్రి గాభరాగా బానెట్టు ఎత్తి, "ఆగండి! నాకో అనుమానం వచ్చింది" అని తల లోపల పెట్టి, ఎవరూ చూడకుండా ప్లాస్టిక్కు ముక్క లాగి జేబులో కుక్కుకున్నాడు. వైరు బిగించి, దర్పంగా సీట్లో కూర్చుని తాళం తిప్పాడు.

కిర్ర్... కిర్ర్... కిర్ర్... తిరుగుతోంది, అందుకోవడం లేదు.

దొంగ జ్వరం నటించినవాడికి నిజం జ్వరం తగులుకుంది. పెట్రోలు చూశాడు, ఉంది. ప్లగ్గులు విప్పి తుడిచాడు. ఫిల్టరు ఊదాడు, మసి ముఖమంతా పట్టింది. "నీకేం తక్కువ చేశానే!" అని బండిని తిట్టాడు. కిర్ర్... కిర్ర్... కొట్టువాడు ముందు బంపరుకి కొక్కెం తగిలించాడు.

మేస్త్రికి దుఃఖం ముంచుకొచ్చింది. "ఒరేయ్ తమ్ముడూ! ఇది ఒక్కసారి లేస్తే సాయంత్రం దాకా నీదేరా! నువ్వే తోలు! సీటు కూడా నీ ఇష్టం!"

"అందరూ విన్నారుగా," అంది భార్య.

గుప్పెట తెరిచింది. అందులో గోరంత ఎర్రటి ఫ్యూజు ఉంది. సీటు ముందుకి వంగి, స్టీరింగు కింద డబ్బా మూత తీసి, దాన్ని టక్కున గుచ్చింది. "ఇప్పుడు తిప్పండి."

దొరసాని ఒక్క పెట్టున లేచి గర్జించింది.

మేస్త్రి నోరు తెరిచాడు. "నీకెలా తెలుసే ఇది?"

"ఇన్నేళ్లూ మీరు దాని కింద దూరి తిడుతుంటే టార్చిలైటు పట్టుకుని నిలబడింది ఎవరనుకున్నారు? 'ఇదేనే పెట్రోలు పంపు ఫ్యూజు, ఇది తీస్తే చచ్చినా లేవదు' అని చెప్పింది మీరు కాదూ? పొద్దున్నే పాలప్యాకెట్టు చూశాను. చదరంగా కొరికే ఎలకని నేనెక్కడా చూళ్లేదు. అప్పుడే వచ్చి తీశాను."

కొట్టువాడు ఉసూరుమంటూ కొక్కెం విప్పుకున్నాడు. దర్జీ ఎక్కి కూర్చున్నాడు, పక్కన అక్క. మేస్త్రికి మిగిలింది వెనక తొట్టి. కట్టెలా నిలబడి వింటూ ఉండగానే లోపల సీటు 'టకటక'మని మూడు మెట్లు ముందుకు జరిగింది. ఒక్కో మెట్టూ ఆయన నడుములోంచి లాగినట్టయింది.

భార్య వెనక కిటికీలోంచి తల తిప్పి అంది, "ఈసారి దానికి జబ్బు చేయించాలనుకుంటే నన్ను లేపండి. టార్చి పట్టేవాళ్లు లేక పాపం, చీకట్లో తంటాలు పడ్డారు."