పనిచేయని మెషిన్ ముందు క్యూ

కోర్టు కవరు వచ్చిన నాటికి నా చేతిలో ఉన్నవి ఇవి: ఇంగ్లండులో లాంకషైర్‌లోని మా ఊరి బజారులో ఒక చీజ్ దుకాణం, పెరడుతో సహా అమ్మకానికొచ్చిన పక్క కొట్టు మీద కన్ను, దాన్ని కొనడానికి బ్యాంకు ఇస్తానన్న అప్పు. అప్పుకు షరతు ఒక్కటే. నా పేరు మీద కోర్టు తీర్పు ఏదీ ఉండకూడదు.

నా కారు ఒక ప్రైవేటు పార్కింగ్ స్థలంలో టికెట్ లేకుండా ముప్పావుగంట నిలిచిందనీ, జరిమానా కట్టలేదనీ ఆ కంపెనీవారు దావా వేశారు. ఆరోపణ నిజమే. ఆ ముప్పావుగంటా నేను టికెట్ కోసమే క్యూలో నిలబడ్డాను.

టికెట్లిచ్చే మెషిన్ చచ్చిపోయి ఉంది. ఆ సంగతి ముందుకు చేరినవారికే తెలుస్తుంది. ఒక్కొక్కరే వెళ్లి, మీట నొక్కి, మెషిన్‌కు క్షమాపణ చెప్పుకుని, ఏమీ జరగనట్టు తమ కారు వైపు నడిచారు. వెనకవారికి చెప్పలేదు. పరిచయం లేనివారిని పలకరించడం మాలో మర్యాద కాదు. నా వంతు వచ్చేసరికి టికెట్ కొనడానికి ఇచ్చిన పది నిమిషాల గడువు ఎప్పుడో దాటిపోయింది. నేనూ మెషిన్‌కు క్షమాపణ చెప్పి వచ్చేశాను.

కంపెనీ ఉత్తరాలు మొదలయ్యాక మంగలి రోలండ్‌ను సంప్రదించాను. మా ఊరి న్యాయశాస్త్రమంతా అతని కుర్చీ దగ్గరే పుడుతుంది.

"ఉత్త బెదిరింపులు గురూ, చెత్తబుట్టలో పడేయ్," అన్నాడు. పడేశాను. కోర్టు కవరు చూపించినా అదే తీర్పు చెప్పాడు, దాన్నీ పడేశాను.

నా భార్య హెట్టీ ఆ కవరును బుట్టలోంచి తీసింది. "పోయినేడు రోలండ్ కూడా ఇలాగే పడేశాడు. జవాబివ్వలేదని కోర్టు కంపెనీ పక్షాన తీర్పిచ్చేసింది. ఇప్పుడు వాడికి వాయిదాల మీద ఫోను కూడా ఎవరూ ఇవ్వరు. నీకు కొట్టు కావాలా, వాడి సలహా కావాలా?"

"సలహా ఊరికే వస్తుంది కదా."

"అందుకే అలా ఉంది. కూర్చుని రాయి."

గడువులోగా రాసి పంపాను: దావాను ఒప్పుకోవడం లేదు, ప్రతివాది క్యూలో ఉన్నాడు.

విచారణ నాడు కంపెనీ తరఫున వచ్చిన కుర్ర లాయరు గంభీరంగా ఉపన్యసించాడు. "పార్కింగ్ నియమాలే నాగరికతకు పునాది మేడం. మెషిన్ పనిచేయకపోతే ఫోనులో చెల్లించవచ్చని బోర్డు స్పష్టంగా చెబుతోంది. ప్రతివాది దాన్ని చదివే శ్రమ తీసుకోలేదు."

"ఆ బోర్డు ఎక్కడుంది?" అని అడిగారు జడ్జిగారు.

"మెషిన్ పక్కనే మేడం."

"క్యూ చివర నిలబడ్డవాళ్లకు కనిపిస్తుందా?"

"కనిపించదు. కానీ ముందుకెళ్లి చదువుకోవచ్చు."

కోర్టు గుమాస్తా రాయడం ఆపేశాడు. జడ్జిగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అంటే ఏమంటారు? క్యూలో ఉన్నవాళ్లందరినీ దాటుకుని ముందుకు పొమ్మంటారా?"

లాయరు చెవులదాకా ఎర్రబడ్డాడు. అతనూ ఒక తల్లి పెంచిన బిడ్డే. "క్షమించండి. నా ఉద్దేశం అది కాదు," అన్నాడు. మర్యాదస్థుడు పాటించలేని నియమం నియమమే కాదని చెప్పి జడ్జిగారు దావా కొట్టేశారు.

కోర్టు మెట్ల మీద లాయరు నాతో చేయి కలిపాడు. "బాగా గెలిచారు సార్. ఇంతకీ మీరు కొనే కొట్టు వెనక పెరడుందట కదా. కార్లు ఎన్ని పడతాయి?"

ఇక తేలిన లెక్క. రెండు దుకాణాలు, మచ్చలేని పేరు, పెరట్లో ఒక కెమెరా, ఒక మెషిన్, వసూలైన ప్రతి జరిమానాలో ఆ కంపెనీతో సగం వాటా. మొన్న రోలండ్‌కీ ఒక నోటీసు వెళ్లింది. బోర్డును నేనే దగ్గరుండి పెట్టించాను, మెషిన్ పక్కనే. పొద్దున్నే ఎవరో ఒకరు దాని ముందు నిలబడతారు, వారి వెనక ఊరంతా. కిటికీలోంచి చూస్తే కడుపు నిండిపోతుంది. మెషిన్ పనిచేస్తోందా అని ఇంతవరకు నన్ను ఎవరూ అడగలేదు.