తీతువుకు కాపలా

ఆ రోజు పొద్దున్నే కాయ ఎండబోయాలని యలమందయ్య అనుకున్నాడు. చీమకుర్తి రోడ్డు పక్కన, మిరపచేని మొదట్లో కల్లం చదును చేసి ఉంచాడు. కోసిన కాయ చేలో కుప్పగా పడి ఉంది. కుప్పలో మరీ మగ్గితే రంగు చచ్చి తాలు అవుతుంది. తాలుకాయను గుంటూరు యార్డులో పలకరించే నాథుడుండడు.

చీపురు పుచ్చుకుని కల్లంలో అడుగు పెట్టాడో లేదో, ఒక తీతువు పిట్ట గీపెడుతూ వచ్చి అతని తలపాగాను తన్నినంత పని చేసింది. రెండోది కాస్త దూరంలో రెక్క విరిగినట్టు నేలమీద ఈడ్చుకుంటూ పోయింది. "అయ్యో పాపం" అని దాని వెనక వెళ్ళబోతూ కిందికి చూస్తే, కాలి పక్కనే గులకరాళ్ళ లాంటి గుడ్లు. గూడూ లేదు, గడ్డిపోచా లేదు. కల్లం నడిమధ్యన, ఉత్త మట్టిలో.

అన్నం క్యారియర్‌తో వచ్చిన భార్య సుబ్బరావమ్మ కూడా గుడ్లు చూసింది.

"తీసి గట్టుమీద పెడితే పోలా?" అన్నాడు యలమందయ్య.

"ముట్టుకున్నావంటే ఊరుకోను. జాగా మారిస్తే తల్లి మళ్ళీ రాదు. పిల్లలయ్యేదాకా కల్లం దానిదే."

"మరి కాయో?"

"డాబా లేదా? వాకిలి లేదా?"

"తీతువు అరిస్తేనే అపశకునమంటారే ఊళ్ళో! దానికోసం కాయ ఆపానంటే నవ్విపోరూ?"

"అయితే చెప్పమాక."

చిక్కంతా అక్కడే వచ్చింది.

కాయ ఎత్తడానికి ట్రాక్టరు తోలుకొచ్చిన బుడాన్, కల్లం చుట్టూ వేసిన ముళ్ళకంప చూసి నోరు తెరిచాడు. "ఏంది మావా, కల్లానికి కంపేశావు?"

యలమందయ్యకు అబద్ధం చెప్పడం చేతకాదు, నిజం చెప్పడం ఇష్టం లేదు. "అక్కడ కింద ఉందిలేరా," అన్నాడు నేలవైపు చెయ్యి చూపించి. "ఎవరికీ చెప్పమాక."

బుడాన్ మాట మీద నిలబడ్డాడు. టీకొట్లో కూర్చుని, "కల్లం కింద ఏదో ఉందంట, ఎవరికీ చెప్పొద్దన్నాడు" అని మాత్రమే చెప్పాడు. టీ గ్లాసులు కడిగేలోపల ఆ ఏదో కాస్తా నల్ల గ్రానైటు అయింది. చీమకుర్తి క్వారీల్లోని రాతిపొర తిన్నగా యలమందయ్య కల్లం కిందికే వచ్చిందని తేలింది. పక్కనున్న ఎస్టీడీ బూతు నుంచి ఎవరో చీమకుర్తికి ఫోను కూడా కొట్టారు.

ఇంట్లో డాబా నిండింది, వాకిలి నిండింది, మంచాలు నిండాయి. ఇంటిల్లిపాదీ తుమ్ములే తుమ్ములు. ఊరు దానికీ అర్థం చెప్పుకుంది. "కాయను ఇంట్లో పోశాడంటే కల్లం తవ్వడానికేగా!"

యలమందయ్య గొడుగు వేసుకుని కంప బయట కాపలా కూర్చున్నాడు. మధ్యాహ్నం ఎండకు తల్లి పిట్ట ఎక్కడికో వెళ్ళి, పొట్ట తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చోవడం చూశాడు. గుడ్లు ఉడికిపోకుండా చల్లబరుస్తోందన్నమాట! అతని మనసు కరిగిపోయింది. నవ్వితే నవ్వనీ అనుకుని, బిందెతో నీళ్ళు మోసి దగ్గర్లో ఒక మూకుడు నింపిపెట్టాడు.

"నీళ్ళు మోస్తున్నాడు! రాయి కొయ్యాలంటే నీళ్ళు కావొద్దూ!" అన్నారు రోడ్డు మీద పోయేవాళ్ళు.

పక్క పత్తిచేను అలీ సాహెబ్‌ది. ఊళ్ళో ఆయన గొంతుకు ఎదురు లేదు. అందరూ పత్తికట్టె పీకి కాల్చేసినా, నడుం నొప్పని చెప్పి ఆయన తన చేను అలాగే వదిలేశాడు. "ఒరేయ్ యలమందా! రాయి పడితే పడింది, నా గట్టు జరిపావంటే మర్యాద దక్కదు!" అని కేకేసి, ఆయన కూడా చేనికి కంప వేశాడు. దాంతో పొర సాహెబు చేలోకి కూడా పాకిందని ఊరు తీర్మానించింది.

మర్నాడు సుమో వచ్చి ఆగింది. నల్ల కళ్ళద్దాలు, తెల్ల చొక్కాతో గ్రానైటు ఏజెంటు ప్రేమ్‌చంద్ దిగాడు. వెనకే ఊరు ఊరంతా.

"యలమందయ్య గారూ, రాయి ఎంత లోతులో ఉందండీ?"

"రాయి లేదండీ."

"ముందు అందరూ అట్టాగే అంటారండీ. మీ వాటా సంగతి నేను చూసుకుంటాగా."

"నిజంగా లేదండీ బాబూ! లోపలికి పోమాకండి!"

ఆ మాటతో ప్రేమ్‌చంద్‌కు మిగిలిన అనుమానం కూడా తీరిపోయింది. కంప తప్పించి లోపలికి నడిచాడు. తీతువులు రెండూ బాణాల్లా దూకాయి. కళ్ళద్దాలు ఎగిరిపడ్డాయి. తెల్ల చొక్కా మీద పిట్ట తన అభిప్రాయం విడిచింది. ఆయన గంతులేస్తూ కాలెత్తేసరికి యలమందయ్య ఒక్క దూకు దూకి ఆ కాలు కావలించుకున్నాడు.

"దించమాకండి! కింద గుడ్లు!"

"ఏం గుడ్లండీ?" అన్నాడు ప్రేమ్‌చంద్ ఒంటికాలి మీద.

"తీతువు గుడ్లు! రాయీ లేదు, రప్పా లేదు! పిట్ట కోసం కంపేశాను!"

ముందు బుడాన్ కిసుక్కుమన్నాడు. ఆపైన ఊరంతా పొట్ట పట్టుకుంది. యలమందయ్య తల దించుకుని కాలు వదిలేశాడు. పిట్టలు వదల్లేదు. ప్రేమ్‌చంద్ తల మీద చేతులు పెట్టుకుని, కంప దూకి, గట్టు దాటి, సాహెబు పత్తిచేలో పడ్డాడు.

"ఆగవయ్యా! అటు పోమాక!" అని అలీ సాహెబ్ గర్జించాడు. "అక్కడ నా కౌజుపిట్ట పొదిగింది!"

నవ్వులు ఠక్కున ఆగిపోయాయి.

"నడుం నొప్పన్నావుగా సాహెబూ?" అని బుడాన్ మెల్లిగా అడిగాడు.

"రాబోయే నొప్పిరా! కట్టె పీకి ఆ పిట్టను లేపావంటే నడుం విరగ్గొడతానంది మా ఇంటిది జాన్‌బీ!" మీసం సర్దుకుని, ఆయన జనం వైపు తిరిగాడు. "ఏం? ఇందాకట్నుంచి నవ్వుతోంది ఎవరు?"

ఎవరూ నవ్వలేదని అందరూ చెప్పారు. యలమందయ్యను చూసి నవ్వితే సాహెబును చూసి కూడా నవ్వాలి, ఆ ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేదు. ఎక్కడ ఏది పొదిగిందోనని నేలవైపే చూసుకుంటూ, ఒక్కొక్కరూ అడుగులో అడుగు వేసి వెళ్ళిపోయారు.

గుడ్లు పగిలిన రోజే పిల్లలు దారప్పోగుల్లాంటి కాళ్ళతో తల్లి వెంట పరుగెత్తుకుంటూ చేలో కలిసిపోయాయి. కల్లం ఖాళీ అయిందని సుబ్బరావమ్మ సంతోషించింది. యలమందయ్యకు మాత్రం ఎందుకో చీపురు పట్టుకునే మనసు రాలేదు, ఆ పూటకు రేపు చూద్దామన్నాడు.

ఇక ప్రేమ్‌చంద్, రాయి చూడ్డానికి ఏ ఊరెళ్ళినా ముందు ఆకాశం వైపు చూస్తున్నాడట.