సగానికి దిగిన జెండా

అది నవంబరు ఇరవై ఎనిమిది, శనివారం. పొద్దున హాల్వోర్ రొట్టె మీద గోధుమరంగు చీజ్ పలచగా పరుచుకుని తింటున్నాడు. రెండో ముక్క సగంలో ఉండగా, ఇంటిని వెచ్చగా ఉంచే హీట్ పంపు ముసలివాడిలా దగ్గి, టకటకలాడడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం అక్క యోరున్ ఆసుపత్రి నుంచి నేరుగా ఈ ఇంటికే వస్తోంది. న్యుమోనియా తగ్గింది గాని, చలి సోకితే మళ్లీ మంచమెక్కుతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు.

మెకానిక్కుకు ఫోన్ చేస్తే రెండు దారులు చెప్పాడు. బాగుచేస్తే సాయంత్రానికే ఇల్లు వెచ్చబడుతుంది, ఎన్నాళ్లు నిలుస్తుందో హామీ లేదు. కొత్తది బిగించాలంటే వారం పడుతుంది. శనివారం కనుక మధ్యాహ్నంలోపు తేల్చమన్నాడు. ఇన్ని చలికాలాలు నోరెత్తకుండా చాకిరీ చేసినదాన్ని మొదటి దగ్గుకే బయటికి గెంటడానికి హాల్వోర్‌కు మనసొప్పలేదు.

అసలు ఆ చప్పుడు పంపుదేనా అని కూడా అనుమానమొచ్చింది. అక్కకు స్వాగతంగా తెల్లారగానే ముంగిట్లో జెండా ఎగరేసి ఉంచాడు. గాలికి దాని తాడు స్తంభానికి కొట్టుకున్నా అలాగే టకటకమంటుంది. వెళ్లి తాడు వదులు చేశాడు. జెండా సగం దాకా జారి, కప్పీలో మంచు గడ్డకట్టి ఉండడంతో అక్కడే బిగుసుకుపోయింది. చప్పుడు మాత్రం ఆగలేదు. రోగం పంపుదేనని తేలింది కదా అని అతను లోపలికి వచ్చేశాడు.

ఆ ఊళ్లో సగానికి దిగిన జెండాకు ఒకటే అర్థం, ఆ ఇంటి మనిషి పోయారని. యోరున్ ఆసుపత్రిలో ఉన్న సంగతి వీధంతా ఎరుగును.

మొదట ఎదురింటి ఇంగెబోర్గ్ నల్లకోటు తొడుక్కుని, క్రీము కేకు పట్టుకుని వచ్చింది. అక్కడి మర్యాద ప్రకారం పోయినవారి ప్రస్తావన ఇంటివాళ్లే ఎత్తాలి, వచ్చినవాళ్లు ఎత్తకూడదు. హాల్వోర్ దిగులుమొహంతో తలుపు తీసి, పంపు గురించి మొదలుపెట్టాడు.

"బాగుచేయించనా, మార్చేయనా? నాకేం పాలుపోవడం లేదు."

పాపం, దుఃఖంలో మనిషి దొరికినదాన్ని పట్టుకుని వేలాడతాడు అనుకుని ఆమె కళ్లు తుడుచుకుంది. "ఇలాంటి రోజున పెద్ద నిర్ణయాలు వద్దు హాల్వోర్. ముందు కాస్త కాఫీ తాగు."

తర్వాత వచ్చినవాళ్లకు ఆమె వాకిట్లోనే చెవిలో ఊదింది, పంపు మాట తప్ప ఇంకోటి ఎత్తొద్దని. దాంతో నల్లబట్టలవాళ్లంతా ఆ పంపు గురించి ఎంతో మంచిగా మాట్లాడారు. హాల్వోర్ ఫోన్ అందుకోబోతే, నీకెందుకీ శ్రమ అంటూ దాచేశారు. ఓడల కార్ఖానాలో పనిచేసి రిటైరైన ఓద్మున్ పానాలు తెచ్చి, "నువ్వు కూర్చోవయ్యా, అది నేను చూసుకుంటా" అన్నాడు. అతనికి వచ్చింది ఓడ ఇంజన్ల పని. పంపు విప్పి మళ్లీ బిగించేసరికి గుప్పెడు మరలు మిగిలాయి. పంపు దగ్గడం కూడా మానేసింది. ఈలోగా మెకానిక్ కొట్టు కట్టేశాడు.

గదిలో చలి పాకుతోంది. అక్క ఏమైపోతుందోనని హాల్వోర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి వీధి వీధంతా కదిలింది. ఒకరు కరెంటు హీటరు తెచ్చారు, ఒకరు దుప్పట్లు. ఏళ్లుగా పూలకుండీ మోస్తున్న పాత కట్టెల పొయ్యిని ఇంగెబోర్గ్ వెలిగించింది. కాసేపటికి కిటికీ అద్దాలకు చెమటలు పట్టాయి.

అప్పుడే టాక్సీ ఆగింది. యోరున్ లోపలికి వచ్చి నల్లబట్టల్నీ కేకుల్నీ ఒకసారి కలయజూసింది.

"ఒరేయ్ తమ్ముడూ, బయట జెండా సగంలో ఉందేమిట్రా? ఎవరు పోయారు?"

నోట్లో కేకు ఉన్నవాళ్లు నమలడం ఆపేశారు. హాల్వోర్ కిటికీ అద్దం మీది చెమట తుడిచి జెండా వైపు చూసి, తాడు వదులు చేసింది తనేనని గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. చివరికి ఓద్మున్ చేతిలోని పానాను వెనక్కి దాచుకుంటూ అన్నాడు.

"హీట్ పంపు, అక్కయ్యా."

యోరున్ కోటు విప్పి పొయ్యి పక్కన కూర్చుంది. "అయితే నాకూ ఓ ముక్క పెట్టండి."

చీకటి పడ్డాక అందరూ మెల్లగా జారుకున్నారు. చివరగా ఇంగెబోర్గ్ పొయ్యిలో ఇంకో మొద్దు పెట్టి, కునుకు తీస్తున్న యోరున్ మీదికి దుప్పటి లాగి, వెచ్చదనం బయటికి పోకుండా తలుపు నెమ్మదిగా మూసి వెళ్లింది. బాగుచేయించాలా, మార్చాలా అన్న చర్చ ఆ ఇంట్లో మళ్లీ రాలేదు.