గుమ్మడికాయ లేని వడియాలు

నరసక్క రోటి పక్కన కూర్చుని మినప్పిండిని చేత్తో గిలకొడుతోంది. పిండి నురగ కట్టింది. పచ్చిమిరపకాయలు నూరి కలిపింది. ఇక బూడిద గుమ్మడికాయ తురిమి, నీళ్లు పిండి కలిపేస్తే వడియాలు పెట్టుకోవచ్చు. తీరా అటక మీద చూస్తే కాయ లేదు.

"ఏమ్మే రత్నా, గుమ్మడికాయ యాడ పెట్టినావు?"

సోలార్ పార్కులో పలకలు కడిగే రత్న నీలం కోటు బొత్తాలు పెట్టుకుంటూ, "నేను చూడలేదత్తా" అంది.

"అయితే సుబ్బక్కే. నిన్న గోడ మీంచి చూసి 'ఎంత లావుండాది నరసక్కా' అనింది. దాని కన్ను పడితే కాయలకు కాళ్లొస్తాయి."

అప్పుడే గుండప్ప తలంటుకుని, ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. "మన పెండ్లికి మీ మేనమామ పెట్టిన స్టీలు తట్ట యాడుండాది?" అని భార్యను అడిగాడు.

"నీకెందుకు తట్ట?"

"పనుండాది." అంతకు మించి చెప్పకుండా ఆ స్టీలు పళ్లాన్ని సంచిలో దూర్చి, బరువైన సంచితో మోపెడ్ ఎక్కి వెళ్లిపోయాడు.

గుండప్పకు వారం రోజులుగా నేల మీద కాలు నిలవడం లేదు. కొత్త లైను మీద కరెంటు రైలును నడిపి చూసే రోజు ఇదే. అతని వేరుశనగ చేను ఇప్పుడు పార్కు కింద ఉంది. ఇక్కడి కరెంటుతో రైళ్లు కూడా నడుస్తాయని పార్కు వాళ్లు మీటింగులో అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి గుండప్ప టీ అంగడి దగ్గర, "మా చేనులో పుట్టిన కరెంటప్పా, మా చేనులో!" అని రైలు తన కన్నబిడ్డ అయినట్టు చెప్పుకుంటున్నాడు.

రత్న సంగతి వేరు. ఆ రైలులో వచ్చే పెద్ద ఆఫీసర్లు తర్వాత ఈ ఊరికి, వల్లూరుకు వచ్చి పలకలు చూస్తారు. వాళ్లు మెచ్చితే ఆమెను కడిగే గుంపుకు మేస్త్రిని చేస్తానని సూపర్‌వైజర్ శ్రీరామప్ప మాటిచ్చాడు. ఏదైనా తేడా వస్తే ఉన్న పని కూడా ఉండదని అదే నోటితో చెప్పాడు. రత్న పెరుగన్నం కట్టుకుని, ముందు వరసలు కడగడానికి వెళ్లిపోయింది.

నరసక్క గుమ్మడికాయ లేకుండానే వడియాలు పెట్టాలని నిశ్చయించుకుంది. ఎక్కడ పెట్టాలో ఆలోచించాల్సిన పనే ఆమెకు లేదు. వాకిట్లో పెడితే మేకలు, మిద్దె మీద పెడితే కాకులు. ఇంటి వెనక కంచె అవతలే పలకలు ఉన్నాయి. ఏటవాలుగా, నున్నగా, వేడిగా, పైగా సొంత కోడలు కడిగినవి. కంచెలో సందు ఉంది. చేను తమదే, ఎండ దేవుడిది. ఈ ఎండాకాలమంతా ఆమె అక్కడే ఎండబెట్టుకుని, గుంపు వచ్చేలోగా తీసేస్తోంది. ఈ రోజు అందరూ ముందు వరసల్లో ఉంటారు కాబట్టి పాత పంచె ఒకటి తడిపి పరిచి, తీరిగ్గా వడియాలు పెట్టింది. పంచె చాలకపోతే మిగిలిన పిండిని పలక మీదే పెట్టేసింది.

ఇంట్లోకి వచ్చి ఫ్యాను కింద కూర్చుంది. ఫ్యాను రెండు చుట్లు నిదానంగా తిరిగి ఆగిపోయింది. అంతలో ఫోను మోగింది. రైలు చూడటానికి స్టేషనుకు పోయిన కొడుకు కార్తిక్.

"అమ్మా, రైలు వస్తా వస్తా మలుపుకాడ నిలిచిపోయిండాది! ఈడ అందరూ కరెంటు పోయిందంటాండారు!"

నరసక్క ఫ్యాను వైపు చూసింది. తర్వాత పిండి అంటుకున్న తన వేళ్ల వైపు చూసింది.

"ఇంత పనైపాయనే!" అంటూ వెనక్కి పరుగెత్తింది. గోడ అవతల నుంచి సుబ్బక్క తల ఎత్తి, "ఏంది నరసక్కా, పామేమన్నా వచ్చిందా?" అంది.

"నా వడియాలకు రైలు నిలిచిపోయిందే సుబ్బక్కా!"

సుబ్బక్క ముఖం పాలిపోయింది. "వడియాలకే నిలిచిపోతే, మరి నా కంబళి?"

పక్క పలక మీద ఆమె కంబళి ఆరుతోంది. దాని పక్కన పెద్దతిమ్మప్ప ఇంటి మిరపకాయలు. ఆ అవతల ఎవరిదో చింతపండు. కబురు వీధంతా పాకింది. ఇన్నాళ్లూ ఒకరికి తెలియకుండా ఒకరు కంచె దూరిన వాళ్లంతా ఒకేసారి దూరారు. కంబళి వచ్చేసింది, మిరపకాయలు వచ్చేశాయి, వడియాలు మాత్రం రాలేదు. నరసక్క పంచె లాగితే పచ్చి పిండి సాగి నాలుగు పలకల మీద పరుచుకుంది. సుబ్బక్క కొబ్బరిచిప్ప తెచ్చింది.

"గీకద్దండీ! గీతలు పడతాయి!"

వీధి గోల విని పరుగున వచ్చిన రత్న అట్లా అరిచి, అక్కడే కొయ్యబారిపోయింది. పిండి నుంచి అత్త ముఖానికి, అత్త ముఖం నుంచి పిండికి చూసింది. ఏడవడానికి కూడా వ్యవధి లేదు. "సుబ్బక్కా, ఆ చిప్ప పారేయ్. పెద్దతిమ్మప్ప మామా, కడవలు తీసుకురా. మెత్తని గుడ్డ ఉన్నోళ్లే ముందుకు రాండి. మొదట నానల్ల, తర్వాతే తుడవల్ల!" అంది. ఎన్నడూ గొంతెత్తని కోడలి కేక విని వీధంతా వరసలో నిలబడింది.

పలకలు తళతళలాడుతుండగా జీపు వచ్చి ఆగింది. శ్రీరామప్ప, అతని వెనక వినుత అనే పెద్ద ఇంజనీరు దిగారు. ఆమె చేతిలో ఒక సంచి ఉంది.

రత్న కళ్లతోనే వద్దని సైగ చేస్తోంది. నరసక్క చూడలేదు. "నేనే మేడమ్, రైలును నిలిపింది నేనే! నా కోడలికేమీ తెలీదు. దాని పని తీసేయద్దండి, నన్ను పట్టుకుపోండి!"

శ్రీరామప్ప జీపు తలుపు పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఉండిపోయాడు. వినుతకు ఏమీ అర్థం కాలేదు. "ముందు లోపల కూర్చుందామమ్మా, ఎండగా ఉంది" అంది.

అందరూ ఇంట్లోకి వచ్చి, తిరగని ఫ్యాను కింద కూర్చున్నారు. రత్న మజ్జిగ తెచ్చింది. సరిగ్గా అప్పుడే గుండప్ప ఒక కాలికే చెప్పుతో, చెమటలు కక్కుతూ ఇంటికి చేరాడు. జీపును చూసి వాకిట్లోనే ఆగిపోయాడు. లోపల భార్య మళ్లీ మొదటి నుంచి నేరం ఒప్పుకుంటోంది. వినేకొద్దీ అతని ముఖం విప్పారింది. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లోపలికి వచ్చాడు.

"నీకు బుద్ధుండాదా? దేశానికని నేను చేనిస్తే, నువ్వు దాని మీద వడియాలు పెడతావా? ఊరి మానం తీసినావు కదే! ఇట్లాంటోళ్లను ఊరికే వదలకూడదు మేడమ్, గట్టిగా చెప్పల్ల!"

నరసక్క తల దించుకుంది. వినుత మజ్జిగ గ్లాసు కింద పెట్టింది.

"నాలుగు వడియాలకు రైలు ఆగదు. ఈ కరెంటు రాష్ట్రంలో అందరి కరెంటుతో కలిసిపోతుంది. నేను ఆ రైల్లోంచే దిగి వస్తున్నాను. మలుపు దగ్గర ఒక పెద్దమనిషి పట్టాల మధ్య నిలబడి ఇంజనుకు హారతి ఇచ్చాడు. కొత్త బండికి దిష్టి తగులుతుందని గుమ్మడికాయ పగలగొట్టాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టనిస్తే తప్ప కదలనన్నాడు. పోలీసులు దిగేసరికి పారిపోయాడు." సంచిలోంచి స్టీలు తట్ట బయటికి తీసింది. అంచు మీద చెక్కిన అక్షరాలను వేలితో తడిమింది. "గుండప్ప, వల్లూరు. ఈ గుండప్ప ఎవరమ్మా?"

పెళ్లయిననాటి నుంచీ నరసక్క మొగుడి పేరు పలికి ఎరుగదు. ఇప్పుడూ పలకలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గడ్డంతో అటు చూపించింది.

గోడ మీంచి సుబ్బక్క గొంతు వినిపించింది. "నరసక్కా, కాయకు కాళ్లెట్లొచ్చినాయో తెలిసిందా?"

శ్రీరామప్పకు ఎవరిని తిట్టాలో తోచలేదు. వినుత కిటికీలోంచి పలకల వైపు చూస్తూ, "కంచెలో ఆ సందు మూయించండి" అని అతనికి చెప్పింది. "ఇంతమంది చేత ఒక్క గీత పడకుండా కడిగించింది ఎవరు? ఈ గుంపుకు మేస్త్రి ఎవరు?"

శ్రీరామప్ప గొంతు సవరించుకున్నాడు. "ఈ రత్నే మేడమ్. పొద్దున్నుంచి ఈమే."

రత్న అత్త వైపు చూసింది. నరసక్క మొగుడి వైపు చూసింది. గుండప్ప ఎవరి వైపూ చూడలేదు. మిగిలిన ఒక్క చెప్పునూ గుమ్మం దగ్గర వదిలేసి ఇంట్లోంచి వెళ్లిపోయాడు.

రైలు స్టేషను చేరిందని కార్తిక్ మళ్లీ ఫోను చేశాడు. ఫ్యాను మాత్రం ఇంకా తిరగలేదు.