మిస్డ్‌కాల్ సభ్యత్వం

కనకమామిడి చౌరస్తాలో కిరాణా కొట్టు నడిపే రామచంద్రయ్యకు పార్టీలో మండల కార్యదర్శి కావాలని ఒకటే తహతహ. పార్టీ మండల పెద్ద మైకు స్వామిదాసు, తన ఇంట్లో మంచినీళ్లడిగినా బహిరంగసభలో అడిగినట్టే అడుగుతాడు. అదే గొంతుతో షరతు పెట్టాడు.

"వందమందిని చేర్పియ్యి. ఒక్కో ఫోను నుంచి పార్టీ నంబరుకు ఒక్క మిస్డ్‌కాల్ చాలు. పదవి నీదే!"

ఇల్లిల్లూ తిరగడానికి మోకాళ్లు ఒప్పుకోలేదు. బుర్ర వేరే దారి చూపింది. గులాబీ తోటలకు పోయే కూలీలు పొద్దున్నే తమ ఫోన్లు ఆ కొట్లోనే చార్జింగుకు పెట్టి పోతారు. నాలుగు రోజుల్లో తొంభైతొమ్మిది ఫోన్లు పార్టీలో చేరిపోయాయి. వందోదానికి పొయ్యిగట్టు మీదున్న భార్య ఫోను అందుకున్నాడు.

"నా ఫోన్‌తోని ఏం జేస్తున్నవయ్యా?" అంది సుమిత్రమ్మ.

"టైము జూస్తున్న."

"గోడ మీది గడియారం ఏం పాపం జేసింది?"

మర్నాడు పొద్దున వంద ఫోన్లూ ఒక్కసారే మోగాయి. ఎత్తినవాళ్ల చెవుల్లో స్వామిదాసు రికార్డు గొంతు: "మన కుటుంబంలకు స్వాగతం!" ఆ అరుపుకు రామచంద్రయ్యకు పాలు పోసే ఆయన గేదె బెదిరి పాల బకెట్టు తన్నింది.

కొట్టు ముందు జనం. అందరికంటే ముందు తోటకూలి అంతమ్మ.

"నా కొడుకు అవుతలి పార్టీల వార్డు మెంబరు. నన్ను గీ పార్టీల కలిపినోడు ఎవడు?"

"కంప్యూటరే కలిపిందవ్వా. హైటెక్ సిటీల గట్లనే ఉంటదట," అన్నాడు రామచంద్రయ్య.

సుమిత్రమ్మ తన ఫోను చూసుకుంది. మొగుణ్ణి చూసింది. లోపలికి పోయి అతని స్నానానికి నీళ్లు పెట్టింది. ఆమె ఏమీ అనకపోతే భయపడాలని ముప్పై ఏళ్ల కాపురం అతనికి నేర్పలేదు.

ఆదివారం ఇస్త్రీ చొక్కాతో మొయినాబాదులో పార్టీ మీటింగుకు పోయాడు. స్వామిదాసు మైకులోనే మొదలుపెట్టాడు.

"రామచంద్రయ్యా! వందమందిని మాకిచ్చి, నువ్వు అవుతలి పార్టీల జేరినవా? నీ ఫొటో ఫేస్‌బుక్‌ల పెట్టి స్వాగతం జెప్పిండ్రు!"

రామచంద్రయ్య ఇంటికొచ్చి పడ్డాడు.

"నా ఫోన్‌తోని వాళ్లకు మిస్డ్‌కాల్ నువ్వే గొట్టినవా?"

"కొట్టిన. నువ్వు తానానికి పోయినప్పుడు. నన్నడిగి కలిపినవా నువ్వు? ఫొటో గూడ నేనే పంపిన. మన పెండ్లిలది. గా ఫొటోల జర మంచిగున్నవు."

అంతలో స్వామిదాసు ఫోను. పక్కింటికి కూడా వినబడింది.

"వంద సభ్యత్వాలు పాడు జేసుకుంటమా? మీ ఇంట్ల మన పార్టీ మనిషి సుమిత్రమ్మ ఒక్కతే. కార్యదర్శి ఆమెనే. రేపు పదవి కాయితం ఇస్తం, ఆమెను తోలుకరా."

సుమిత్రమ్మ బీరువాలోంచి పట్టుచీర తీసింది.

"పొద్దున బండి కడుగు. ఆఫీసుదాంక దింపు. లోపలికి మాత్రం రాకు, అవుతలి పార్టోనివి."